అడ్రస్‌లోనే దారి: లైనక్స్ కెర్నల్‌లో కుదించిన సెగ్మెంట్ రూటింగ్

(నల్గొండలో ఇంజినీరింగ్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక నెట్‌వర్కింగ్ క్లాసంటే ఎవరికైనా కునుకు వస్తుంది. అందుకే స్లైడ్లు తేలేదు, లైట్లు ఆర్పే పని లేదు.

మామూలు రూటింగ్‌లో ప్యాకెట్ మీద, అంటే నెట్‌వర్క్‌లో పోయే డేటా మూట మీద, గమ్యం ఒక్కటే ఉంటుంది. ఏ దారిన పంపాలో మధ్యలో ఉన్న ప్రతి రూటరూ తనకు తాను తేల్చుకుంటుంది. సెగ్మెంట్ రూటింగ్‌లో దారిని పంపేవాడే రాసిస్తాడు. మన బస్టాండ్‌లో హైదరాబాద్ బస్సుకు ‘వయా నార్కట్‌పల్లి, చిట్యాల’ అని బోర్డు పెడతారు కదా, అలాగ. 128 బిట్ల అడ్రస్‌లు వాడే ఇంటర్నెట్ ప్రోటోకాల్ ఐపీవీ6. దాని మీద నడిచే సెగ్మెంట్ రూటింగ్ అయిన ఎస్ఆర్‌వీ6లో చిక్కేమిటంటే, బోర్డు మీద ప్రతి స్టాపుకూ జిల్లా, రాష్ట్రంతో సహా పూర్తి చిరునామా రాయాలి. ఒక్కో స్టాపునే సెగ్మెంట్ అంటాం, అది 128 బిట్లు, అంటే 16 బైట్లు.

ఆరు సెగ్మెంట్ల దారికి లెక్క వేద్దాం. హెడర్ అంటే ప్యాకెట్ ముందు తగిలించే సమాచారం. సెగ్మెంట్ రూటింగ్ హెడర్‌లో మొదట 8 బైట్లు, తర్వాత ఆరు పదహార్లు 96, మొత్తం 104. బయటి ఐపీవీ6 హెడర్ 40 కలిపితే 144. మాటను కుదించే జీ.729 కోడెక్ ఫోన్ కాల్‌లో 20 మిల్లీసెకన్ల మాటను 20 బైట్లలో పెడుతుంది. ఆ 20 బైట్లను మోయడానికి 144 బైట్ల బరువు! ప్యాకెట్లకు చిన్న లేబుళ్లు అంటించి దారి చూపే ఎంపీఎల్ఎస్ పద్ధతి వాళ్లు ఇదే పనికి ఆరు లేబుళ్లు, 24 బైట్లతో సరిపెడతారు. వాళ్లు మనల్ని చూసి నవ్వరా మరి?

దీనికి విరుగుడే కుదింపు. ఒక నెట్‌వర్క్‌లో సెగ్మెంట్లన్నింటికీ ముందు భాగం ఒకటే అయినప్పుడు దాన్ని పదే పదే రాయడం దేనికి? 32 బిట్ల ఉమ్మడి బ్లాక్‌ను ఒక్కసారి రాసి, మిగిలిన 96 బిట్లలో 16 బిట్ల చొప్పున ఆరు సెగ్మెంట్లు పేర్చేస్తే అయిపోయింది. ఆరూ ఒక్క డెస్టినేషన్ అడ్రస్‌లోనే ఇమిడిపోయాయి. సెగ్మెంట్ రూటింగ్ హెడర్ అక్కర్లేదు. 144 కాస్తా 40 అయింది.

లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ ఏం చేస్తుందో దగ్గర్నుంచి చూద్దాం. అడ్రస్ ఇలా ఉందనుకోండి: బ్లాక్, ఆ తర్వాత 100, 200, 300, 0, 0, 0. ప్యాకెట్ 100 అనే నోడ్‌కు చేరింది. ఆ నోడ్ తన అంకె తర్వాత ఇంకేమైనా మిగిలిందా అని చూస్తుంది. మిగిలితే 100ను చెరిపేసి, వెనకున్నవాటిని ముందుకు జరిపి, చివర సున్నాలు నింపుతుంది. ఇప్పుడు అడ్రస్ బ్లాక్, 200, 300, 0, 0, 0, 0. మళ్లీ రూటింగ్ టేబుల్లో వెతికి పంపేస్తుంది. సీ భాషలో ఇది ఒక మెమ్‌మూవ్ (బైట్లు జరపడం), ఒక మెమ్‌సెట్ (బైట్లు నింపడం). ఐపీవీ6 హెడర్‌కు సొంత చెక్‌సమ్ (తప్పులు పట్టే లెక్క) లేదు కాబట్టి అడ్రస్ మార్చినా హెడర్‌లో దిద్దాల్సిన లెక్క ఉండదు. బ్లాక్ పొడవు, నోడ్ పొడవు రెండూ 8 బిట్ల గుణిజాలే కావాలని లైనక్స్ పట్టుబట్టేది కూడా ఈ జరపడం కోసమే. బైట్లు జరపడం తేలిక, బిట్లు జరపడం తలనొప్పి.

ఎస్ఆర్‌వీ6 మొదటిసారి 2017లో లైనక్స్ 4.10తో వచ్చింది. ఇప్పుడు చెప్పిన కుదింపు, దాని అధికారిక పేరు నెక్స్ట్-సీ-సిడ్, 2022 డిసెంబర్‌లో 6.1తో వచ్చింది. రోమ్‌లోని టోర్ వెర్గాటా యూనివర్సిటీకి చెందిన ఆండ్రియా మేయర్ దాన్ని రాశారు. ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 9800 వెలువడింది 2025లో. కోడ్ ముందు, కాగితం తర్వాత. నాకైతే ఈ వరసే నచ్చుతుంది. కోడ్ నడిచి చూపించాక వాదించడానికి పెద్దగా ఏమీ మిగలదు.

అయితే రెండు లైన్ల మెమ్‌మూవ్‌కు ఇంత ప్రసంగం దేనికంటారా? ప్యాకెట్ మీద గమ్యం దారిలో మారదు, మారితే చివరి గమ్యం ఏదో రూటింగ్ హెడర్ చెబుతుంది అన్న నమ్మకం నెట్‌వర్క్ స్టాక్ అంతా అల్లుకుని ఉంది. ఇక్కడ అడ్రసూ మారుతోంది, హెడరూ లేదు. గొడవంతా అక్కడే.

చెక్‌సమ్ సంగతి చూడండి. డేటా మోసే టీసీపీ, యూడీపీ, పింగ్ వాడే ఐసీఎంపీవీ6 మూడూ డెస్టినేషన్ అడ్రస్‌ను కలుపుకునే చెక్‌సమ్ లెక్కిస్తాయి. కుదించిన అడ్రస్‌కు నేరుగా పింగ్ కొట్టారనుకోండి. పంపే యంత్రం 100, 200, 300 అన్నీ ఉన్న అడ్రస్‌తో లెక్క కడుతుంది. చివరి నోడ్‌కు చేరేసరికి అడ్రస్‌లో మిగిలింది 300 ఒక్కటే. లెక్క తప్పుతుంది, ప్యాకెట్ చడీచప్పుడు లేకుండా చెత్తబుట్టలోకి పోతుంది. మీరేమో కేబుల్ పోయిందేమోనని టెన్షన్ పడుతూ కూర్చుంటారు. పంపేవాడు చివరి అడ్రస్‌తోనే లెక్క కట్టాలని ప్రమాణం చెబుతోంది. అసలు ప్యాకెట్‌ను లోపల పెట్టి పైన కొత్త ఐపీవీ6 హెడర్ తొడిగితే ఈ బాధ లేదు, లోపలి అడ్రస్‌ను ఎవరూ ముట్టుకోరు కాబట్టి. ఆపరేటర్లకు నేను చెప్పేదీ అదే, తొడుగు వేసే వాడండి.

ఫైర్‌వాల్‌ది ఇంకో కథ. ‘బయట నుంచి రూటింగ్ హెడర్‌తో వచ్చే ప్యాకెట్‌ను ఆపు’ అని నియమం రాసి నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది. ఇప్పుడు ఆ హెడరే లేనప్పుడు నియమానికి ఏం దొరుకుతుంది? బయటివాడు మీ నెట్‌వర్క్ లోపల తనకు నచ్చిన దారి రాసుకుని వచ్చేస్తాడు. సరిహద్దు రూటర్లలో ఆ బ్లాక్‌కు బయటి నుంచి వచ్చే ప్యాకెట్లన్నింటినీ ఆపేయాల్సిందే. నా దృష్టిలో చెక్‌సమ్ కన్నా ఇదే ప్రమాదం. చెక్‌సమ్ తప్పితే పని ఆగుతుంది, ఎవరో ఒకరు వెతుకుతారు. ఇక్కడ పని ఆగదు, ఎవరికీ తెలియదు.

ఇదంతా చేసి చూడాలంటే హైదరాబాద్ పోయి డేటా సెంటర్లో నిలబడక్కర్లేదు. మీ ల్యాప్‌టాప్‌లో 6.1 లేదా ఆ తర్వాతి కెర్నల్, దానికి తగ్గ ఐపీ రూట్ 2 (నెట్‌వర్క్ కమాండ్ల సాఫ్ట్‌వేర్) ఉంటే చాలు. నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు (ఒకే యంత్రంలో విడివిడి నెట్‌వర్క్‌లు) నాలుగైదు తెరిచి, ఊహా కేబుళ్ల లాంటి వీఈటీహెచ్ జతలతో కలిపి, ఫార్వర్డింగ్ ఆన్ చేయండి. కెర్నల్ సోర్స్‌లో నెట్‌వర్క్ సెల్ఫ్‌టెస్ట్‌ల ఫోల్డర్‌లో దీనికి రాసిన షెల్ స్క్రిప్టులున్నాయి. పాఠ్యపుస్తకం కన్నా అవే నయం, మొదట్లోనే బొమ్మ గీసి మరీ చెప్పారు.

సాయంత్రం ల్యాబ్‌లో ఒక పని చేయండి. నోడ్ 100లో రూట్‌ను ముందు /48తో, అంటే అడ్రస్‌లో మొదటి 48 బిట్లు కలిస్తే చాలని, పెట్టి, ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్‌లో అడ్రస్ జరగడం కళ్లారా చూడండి. తర్వాత అదే రూట్‌ను పాత అలవాటు ప్రకారం /128తో పెట్టండి. 32, 16 కలిపి 48. ఆ వెనకున్నదంతా మిగిలిన దారి, ప్యాకెట్ ప్యాకెట్‌కూ మారుతుంది, కాబట్టి /128 రూట్‌కు అది తగలదు. కమాండ్ ఏ ఎర్రరూ ఇవ్వదు. ప్యాకెట్ మాత్రం డిఫాల్ట్ రూట్ ఉంటే దాని వెంట పోతుంది, లేకపోతే అక్కడే ఆగిపోతుంది. మీ బెంచీలో ఏది జరిగిందో, ఎందుకు జరిగిందో రాసి పెట్టుకోండి, రేపు పొద్దున క్లాసులో అడుగుతాను.