‘ఉడాన్’: నాన్నని ‘సార్’ అని పిలవాల్సిన ఇల్లు

హాయ్ అండీ. ఈరోజు 2010లో వచ్చిన హిందీ సినిమా ‘ఉడాన్’ గురించి మాట్లాడుకుందాం. దర్శకుడిగా విక్రమాదిత్య మోత్వానేకి ఇదే మొదటి సినిమా, ఆ ఏడాది ఫ్రాన్స్‌లో జరిగే కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి కూడా వెళ్లింది. క్లైమాక్స్ దాకా చెప్పేస్తాను, కాబట్టి చూడనివాళ్లు చూసొచ్చి వినండి.

రోహన్‌కి పదిహేడేళ్లు. సిమ్లాలో హాస్టల్ నుంచి దొంగచాటుగా సినిమాకెళ్లి దొరికిపోతే స్కూల్లోంచి పంపించేస్తారు. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా చూడ్డానికి రాని నాన్న దగ్గరికి, జంషెడ్‌పూర్‌కి తిరిగొస్తాడు. వచ్చాకే తెలుస్తుంది, తనకి అర్జున్ అని ఆరేళ్ల తమ్ముడున్నాడని.

ఆ ఇంట్లో నాన్నని ‘సార్’ అనాలి. మనలో నాన్నంటే హడలిపోతూ పెరిగినవాళ్లు బోలెడుమంది, కానీ ఎంత భయమున్నా పిలుపు మాత్రం నాన్నా అనే కదా, ఇక్కడ అది కూడా లేదు. పొద్దున్నే జాగింగ్, తర్వాత నాన్న ఫ్యాక్టరీలో పని, ఆపైన ఇంజనీరింగ్ కాలేజీ. కుర్రాడేమో కవితలు రాసుకుంటాడు, రచయిత అవ్వాలని ఉంటుంది. రోనిత్ రాయ్ ఈ తండ్రిని ఎంత మామూలు మనిషిలా చేశాడంటే, ఇలాంటాయన్ని మన వీధిలోనే చూశాం అనిపిస్తుంది, అందుకే ఎక్కువ భయమేస్తుంది.

అయితే నన్ను పట్టుకున్నది తండ్రీకొడుకుల గొడవ కాదు. మొదట్లో రోహన్ తమ్ముణ్ణి కూడా పట్టించుకోడు, విసుక్కుంటాడు. తన బాధలో తనుంటాడు, పక్కనే ఇంకో పిల్లాడు అదే ఇంట్లో నోరెత్తకుండా బతుకుతున్నాడని కనపడదు. ఒకరోజు అర్జున్ ఆసుపత్రిలో ఉంటాడు. మెట్ల మీంచి పడ్డాడని నాన్న చెబుతాడు. రోహన్ వాడి వీపు చూస్తే బెల్టు వాతలు.

అక్కణ్ణుంచి సినిమా మారిపోతుంది. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని తమ్ముడికి కథలు చెప్పడం మొదలుపెడతాడు, మెల్లగా చుట్టుపక్కల వాళ్లు కూడా వినడానికి చేరతారు. ఇంట్లో ఎవరికీ అక్కర్లేని మాటలు ఇక్కడ ఇంతమంది చెవులు రిక్కించి వింటున్నారు. రోహన్ ఒంటరితనం కరిగింది ఇక్కడే అని నాకు గట్టిగా అనిపిస్తుంది, పారిపోయినప్పుడు కాదు.

తర్వాత నాన్న ఆ కవితల పుస్తకాన్ని కాల్చేస్తాడు. చివరికి రోహన్ ఎదురుతిరిగి పరిగెడతాడు, నాన్న వెంటపడతాడు. రోజూ పొద్దున్న తనని పరిగెత్తించిన ఆ మనిషికి ఈసారి అందడు. అక్కడే శుభం కార్డు వేసేయొచ్చు, ఈలలు కూడా పడేవి. కానీ రోహన్ మళ్లీ ఆ ఇంటికి వెళ్తాడు. ఉత్తరం ఒకటి పెట్టి, అర్జున్ చెయ్యి పట్టుకుని బయటికి నడుస్తాడు.