ఒక కెమెరా, ఒక ల్యాప్‌టాప్, ముగ్గురు మనుషులు: మన ఊరి బాస్కెట్‌బాల్ మ్యాచ్ యూట్యూబ్‌లో లైవ్

నమస్తే అండి. మన ఊళ్లో బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ జరుగుతుంది, పిల్లలు ప్రాణం పెట్టి ఆడతారు. చూసేది మాత్రం కోర్టు చుట్టూ నిలబడ్డవాళ్లే. వాళ్ల నాన్న డ్యూటీలో ఉంటాడు, అక్క హైదరాబాద్‌లో ఉంటుంది, మామయ్య కువైట్‌లో ఉంటాడు. వాళ్లందరికీ మ్యాచ్ చూపించాలి, అదీ తక్కువ ఖర్చులో. ఈరోజు అదే చేద్దాం.

మనుషులు ముగ్గురు చాలు. ఒకరు కెమెరా, ఒకరు ల్యాప్‌టాప్‌తో పాటు స్కోరు, ఒకరు కామెంటరీ. రెండో కెమెరా, రీప్లేలు ఇప్పుడు వద్దు. ఫోన్‌లో చూసేవాళ్లకు బంతి కనపడాలి, స్కోరు తెలియాలి, మాట వినపడాలి. డబ్బూ ఓపికా వీటి మీదే పెట్టండి.

సామాను ఇదిగో. ఇది పెళ్లి వీడియోలకు వాడిన పాత వీడియో కెమెరా. స్టూడియో వాళ్లను అడిగితే ఇలాంటివి రోజు అద్దెకు ఇస్తారు. ఫోన్‌తోనూ చేయొచ్చు, కానీ నాకు ఇదే ఇష్టం. వేలి కింద జూమ్ ఉంటుంది, కరెంటుకు పెట్టి ఎంతసేపైనా నడపొచ్చు, మధ్యలో ఎవరి ఫోనూ రాదు. ఈ చిన్నది క్యాప్చర్ కార్డు, కెమెరా బొమ్మను ల్యాప్‌టాప్‌లోకి తెస్తుంది. హెచ్‌డీఎంఐ వైరు ఇటు, యూఎస్‌బీ అటు. వైరు మరీ పొడుగుది కొనకండి, ల్యాప్‌టాప్‌నే కెమెరా పక్కన పెట్టుకోండి.

కెమెరా ఎక్కడ? మధ్య గీతకు సరిగ్గా ఎదురుగా, ఎత్తులో. కోర్టు పొడవు 28 మీటర్లు, నేల మీద పెడితే ఎప్పుడూ ఎవరో ఒకరు అడ్డం వస్తారు. బడి మేడ మీది వరండా ఉంటే అంతకన్నా మంచి చోటు లేదు. సాయంత్రం మ్యాచ్ అయితే ఎండ మీ వీపు మీద పడేలా చూసుకోండి.

ఇప్పుడు ఓబీఎస్, అంటే ల్యాప్‌టాప్ నుంచి లైవ్ పంపే సాఫ్ట్‌వేర్. డబ్బులు కట్టక్కర్లేదు, డౌన్‌లోడ్ చేసుకోండి. సోర్సెస్‌లో ప్లస్, వీడియో క్యాప్చర్ డివైస్, ఓకే. ఇదిగో బొమ్మ వచ్చింది. రిజల్యూషన్ కస్టమ్, 1280 బై 720. ఫార్మాట్ దగ్గర ఎంజేపెగ్. చవక కార్డులు యూఎస్‌బీ 2.0వి కాబట్టి వేరే ఫార్మాట్ పెడితే బొమ్మ ఆగి ఆగి వస్తుంది. సెట్టింగ్స్‌లో 25 ఫ్రేములు, బిట్‌రేట్ 4000 (అంటే సెకనుకు 4 మెగాబిట్లు, 4 ఎంబీపీఎస్), కీఫ్రేమ్ 2 సెకన్లు. యూట్యూబ్ స్టూడియోలో స్ట్రీమ్ కీ (మన ఛానల్‌కు లైవ్ పంపే రహస్య కోడ్) కాపీ, ఓబీఎస్ సెట్టింగ్స్‌లో స్ట్రీమ్ దగ్గర పేస్ట్. అయిపోయింది. ఛానల్‌లో లైవ్ మొదటిసారి ఆన్ చేస్తే 24 గంటల దాకా పట్టొచ్చు, ముందు రోజే ఆన్ చేసి పెట్టుకోండి.

ఇక్కడ కాస్త ఆగుదాం. నన్ను ముప్పుతిప్పలు పెట్టింది ఈ స్టెప్పే. పగలు బొమ్మ అద్దంలా ఉంటుంది. చీకటి పడి ఫ్లడ్ లైట్లు వేయగానే, ఇదిగో చూడండి, అడ్డంగా నల్లటి పట్టీలు పాకుతున్నాయి. వైరు మార్చినా పోవు, కార్డు మార్చినా పోవు. అసలు సంగతి కరెంటులో ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే లైటు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. ఆట స్పీడు కదా అని షటర్, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుతురు తీసుకునే సమయం, సెకనులో 250లో ఒకటో, 500లో ఒకటో వంతు పెడతాం. అప్పుడు ఆ మినుకులో ఒక ముక్కే ఫ్రేములో పడుతుంది. అందుకే షటర్ 100లో ఒకటి. మళ్లీ చెప్తున్నాను, 100లో ఒకటి. తిప్పుతున్నాను... చూశారా, పట్టీలు పోయాయి! 60లో ఒకటి పనికిరాదు. 50లో ఒకటి పెడితే పట్టీలు పోతాయి గానీ బంతి మసకబారుతుంది. చీకటిగా ఉంటే షటర్ ముట్టుకోకండి, గెయిన్ పెంచండి, అది బొమ్మ వెలుగును పెంచే సెట్టింగ్. కాస్త గ్రెయిన్ (బొమ్మలో చుక్కలు) వచ్చినా ఫర్వాలేదు. ఫోకస్ కూడా మాన్యువల్‌లో పెట్టేయండి, ఎవరు అడ్డం వచ్చినా కెమెరా వెతుక్కోదు.

స్కోరుకు నోట్‌ప్యాడ్ చాలు. రెండు ఫైళ్లు, ఒక్కో టీముకు ఒకటి. ఓబీఎస్‌లో టెక్స్ట్ సోర్స్ తీసి, రీడ్ ఫ్రమ్ ఫైల్ టిక్. నోట్‌ప్యాడ్‌లో 12ను 14 చేసి కంట్రోల్ ఎస్ కొడితే స్క్రీన్ మీద మారిపోతుంది. గడియారం పెట్టకండి, ఎన్నో క్వార్టరో రాస్తే చాలు, టైం కామెంటరీలో చెప్పొచ్చు. కామెంటరీ చెప్పేవారు మ్యాచ్‌కు ముందే స్కోర్ టేబుల్ దగ్గరికి వెళ్లి జెర్సీ నంబర్లు, పేర్లు రాసుకోండి. బాస్కెట్ వేసిన పిల్లాడి పేరు ఇంట్లోవాళ్లకు వినపడాలి. అది మాత్రం వదలకండి.

నెట్ సంగతి. 4 ఎంబీపీఎస్ అంటే గంటకు దాదాపు 1.8 జీబీ. పది నిమిషాల క్వార్టర్లు నాలుగే అయినా టైమ్ అవుట్లు, ఫౌల్స్, హాఫ్ టైమ్ కలిపితే మ్యాచ్ గంటన్నర దాకా సాగుతుంది. రోజుకు 2 జీబీ ప్యాక్ అయితే ఆట రసపట్టులో ఉండగా నెట్ అయిపోతుంది. డేటా ముందే వేయించుకోండి. స్పీడ్ టెస్ట్‌లో అప్‌లోడ్ 8 ఎంబీపీఎస్ దాకా ఉండాలి, అదీ జనం వచ్చాక చూడాలి. అందరూ ఫోన్లు తీస్తే టవర్ మీద లోడు పడుతుంది. రెండో కంపెనీ సిమ్ ఒకటి జేబులో ఉంచుకోండి.

టైమ్ అవుట్‌లో మైకులో సినిమా పాటలు వేస్తారు కదా, అవి మన స్ట్రీమ్‌లోకి వెళ్తే కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది, ఒక్కోసారి లైవ్ ఆగిపోతుంది కూడా. పాట మొదలవగానే ఓబీఎస్‌లో మైక్ మ్యూట్. దీనికి నేను ఎఫ్9 హాట్‌కీ పెట్టుకున్నాను, మౌస్‌తో వెతుక్కునే పని ఉండదు.

స్టార్ట్ రికార్డింగ్ కూడా నొక్కండి, ఎంకేవీ ఫార్మాట్‌లో. ల్యాప్‌టాప్ ఆగిపోయినా అప్పటిదాకా రికార్డయింది పోదు. ఇక స్టార్ట్ స్ట్రీమింగ్.

మ్యాచ్ అయ్యాక కప్పు ఇచ్చేదాకా లైవ్ ఆపకండి. తర్వాత డిస్క్రిప్షన్‌లో 0:00 నుంచి మొదలుపెట్టి ఒక్కో క్వార్టర్ ఎక్కడ మొదలైందో టైం రాయండి, యూట్యూబ్ వాటిని చాప్టర్లుగా చూపిస్తుంది. ఆ లింకు అదే రాత్రి రెండు టీముల కోచ్‌లకూ పంపండి.