అదర్స్ నొక్కిన రోజు: తిరుపతి నుంచి 31వ భాగం

తమ్ముడు: నమస్కారం. పేరున్న యూనివర్సిటీలో చదివితేనే మంచి ఉద్యోగమా? ఏ దేశంలో ఎలా ఉంది? ఈ రోజు మా మాటలు దాని మీదే. అక్కా, జర్మనీతో మొదలుపెట్టనా?

అక్క: పెట్టు.

తమ్ముడు: జర్మనీలో మెడిసిన్ లాంటివాటికి సీటు కష్టం. చాలా కోర్సుల్లో స్కూలు ఆఖరి పరీక్ష పాసైతే చేరిపోవచ్చు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజే లేదు. కొరియాలో వేరు. సియోల్ నేషనల్, కొరియా, యోన్సే, ఈ మూడింటి కోసమే పోటీ. అందుకే 2017లో ప్రభుత్వ సంస్థల దరఖాస్తుల్లో కాలేజీ పేరు తీసేయమన్నారు.

అక్క: ఆగు. పేరే అడగరా?

తమ్ముడు: అడగరు.

అక్క: 2014లో రేణిగుంట రోడ్డులో నెట్ సెంటర్‌లో కూర్చుని ఒక కంపెనీ ఫారం నింపాను. కాలేజీ పేరు దగ్గర నొక్కితే పెద్ద జాబితా వచ్చింది. కిందికి లాగాను, మళ్లీ పైకి లాగాను. మాది లేదు. చిట్టచివర 'అదర్స్' అని ఉంది. అదే నొక్కాను. నావి 81 శాతం మార్కులు. పిలుపే రాలేదు.

తమ్ముడు: అమెరికాలో డేల్, క్రూగర్ అని ఇద్దరు పరిశోధకులు 2002లో...

అక్క: మళ్లీ వాళ్లేనా!

తమ్ముడు: విను అక్కా. ఒకే రకం కాలేజీల్లో సీట్లొచ్చిన పిల్లల్ని పోల్చారు. పెద్ద కాలేజీలో చేరినా, మామూలుదాంట్లో చేరినా జీతాల్లో పెద్ద తేడా లేదు.

అక్క: పేదింటి పిల్లలకు?

తమ్ముడు: వాళ్లకు మాత్రం పెద్ద కాలేజీ కలిసొచ్చింది.

అక్క: చూశావా! పుంగనూరు నుంచి, పలమనేరు నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు మీద వచ్చే పిల్లలకు ఆఫీసుల్లో తెలిసినవాళ్లెవరుంటారప్పా? వాళ్లకు ఆ పేరే సిఫార్సు.

తమ్ముడు: చిలీలో తిరగబడింది. పేరున్న కోర్సుల్లో చేరితే పెద్ద కంపెనీల పై పదవులు దక్కాయి, కానీ ఖరీదైన ప్రైవేటు స్కూళ్ల మగపిల్లలకే.

అక్క: ఆడపిల్లలకు?

తమ్ముడు: ఆ లాభం కనబడలేదు.

అక్క: (కాసేపు మౌనం) ర్యాంకు తెచ్చుకున్నా కూడానా...

తమ్ముడు: జపాన్ సంగతి చెప్పనా?

అక్క: ఆ జాబితా ఎవరో ఒకరు టైపు చేసే ఉంటారు కదా. మా కాలేజీ పేరు కొట్టడానికి ఎంతసేపు పడుతుంది?

తమ్ముడు: అర నిమిషం.

అక్క: అదే నేనంటున్నది. సరే, కుళాయి నీళ్లొచ్చాయి, మోటారు వేసొస్తా.

తమ్ముడు: జపాన్ మిగిలింది అక్కా.

అక్క: వచ్చేవారం.