ఒకే మెట్లు, మూడు కాపురాలు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరూ నా మిత్రులే, పేరుపేరునా చెప్పకపోయినా ఏమీ అనుకోరు. మా సీనియర్ గారి సంస్మరణ సభలో ‘వృత్తి విలువలు’ మీద మాట్లాడమన్నారు. విలువలు అనగానే నాకు గుర్తొచ్చేది ఒక్కటే, ఆయన దగ్గర ఢిల్లీలో జూనియర్‌గా ఉన్నప్పుడు చూసిన ఒక ఇంటి కేసు. అదే చెబుతాను.

దేశవిభజనప్పుడు పాకిస్తాన్ వెళ్ళిపోయినవాళ్ళ ఇళ్ళు కస్టోడియన్ చేతికొచ్చాయి, అంటే అలాంటి ఆస్తుల్ని చూసుకునే ప్రభుత్వ అధికారి చేతికి. పేపర్లలో ‘కాందిశీకుల ఆస్తి’ అని చదువుతుంటారే, అదే. అటునుంచి వచ్చిన శరణార్థులు ఆ ఇళ్ళలో గదికొక కుటుంబంగా సర్దుకున్నారు. తర్వాత 1954లో పరిహారం, పునరావాసం చట్టం వచ్చింది, 1955లో రూల్స్ వచ్చాయి. అక్కడ వదిలేసొచ్చిన ఆస్తికి క్లెయిమ్ ఉండి, అది వెరిఫై అయితే, పరిహారం కింద ఇక్కడ ఇల్లు రాసిస్తారు.

మరి ఒకే ఇంట్లో మూడు కుటుంబాలుంటే? లా స్టూడెంట్లు 30వ రూల్ ఒకసారి తీసి చదవండి. ఎవరి నికర పరిహారం ఇంటి విలువకి అందరికన్నా దగ్గరగా ఉందో, ఇల్లు వాళ్ళకి ఇవ్వజూపాలి. మిగిలినవాళ్ళకి వేరే ఇల్లు ఉంటే కేటాయించవచ్చు. ‘ఇవ్వాలి’ కాదండీ, ‘ఇవ్వవచ్చు’. ఆ ‘వచ్చు’ దగ్గరే ఎన్నో కాపురాలు ఆగిపోయాయి.

మా కేసులో ఇల్లు పాత ఢిల్లీలో ఒక ఇరుకు గల్లీలో ఉంది. మూడు కాపురాలు, ఒకే మెట్లు, వాకిట్లో ఒకే చేతిపంపు. కోర్టులో పెట్టిన ప్లానులో గదులకి తలా ఒక రంగు వేశారు. మెట్లకీ పంపుకీ ఏ రంగూ లేదు, పెన్సిల్‌తో ‘ఉమ్మడి’ అని రాసి వదిలేశారు. కింద గదుల్లో ఉన్నాయన క్లెయిమ్ లెక్కకి సరిపోయింది, ఇల్లంతా ఆయన పేరున రాశారు. మేం ఆయన తరఫు. పై గదిలో ఒక విధవరాలు, ఇద్దరు పిల్లలు. ఆమె భర్త దస్తావేజులు అక్కడే ఉండిపోయాయి, క్లెయిమ్ వెయ్యలేదు. గడువు దాటిపోయింది.

ఆమె కూడా శరణార్థే కదా! వాళ్ళంతా ఒకే ఏడాది వచ్చి, అదే పంపు నీళ్ళు తాగినవాళ్ళే.

ఆ 1954 చట్టం 29వ సెక్షన్ ప్రకారం ఆమె ఇల్లు వచ్చినాయనకి అద్దెకున్న మనిషయింది. అద్దె కడుతున్నంత కాలం ఖాళీ చేయించకూడదు, అదీ మహా అయితే రెండేళ్ళే. సివిల్ కోర్టుకెళ్దామంటే 36వ సెక్షన్ అడ్డం. సెటిల్‌మెంట్ అధికారులు, చీఫ్ సెటిల్‌మెంట్ కమిషనర్, ఆపైన కేంద్ర ప్రభుత్వం, చివరికి హైకోర్టులో రిట్. నేను జూనియర్‌గా చేరేనాటికి పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు, కేసు మాత్రం అలాగే ఉంది.

నేను రాసుకొచ్చిన కాగితం ఇక్కడ పక్కన పెడుతున్నాను. ఆమె కోర్టుకిచ్చిన రసీదుల కట్ట గురించి చెప్పాలి. కస్టోడియన్‌కి నెలనెలా కట్టిన అద్దె రసీదులు, తెల్లదారంతో పుస్తకంలా కుట్టుకుంది. ఒక్క నెల తప్పలేదు. కస్టోడియన్ ముద్రలు ఒకచోట ఆగిపోతాయి. ఆ తర్వాతి కాగితం చేత్తో రాసింది, అద్దె ముట్టినట్టు. రాసింది కింది గదుల ఇల్లాలు. అప్పటిదాకా ఈమెని అక్కా అని పిలిచిన మనిషి. దాన్నీ అదే దారంతో కుట్టింది. మా సీనియర్ గారు ఆ కాగితం దగ్గర ఆగి, చాలాసేపు పేజీ తిప్పలేదు.

కేసు మేమే గెలిచాం. రూల్ మా వైపే ఉంది. చట్టప్రకారం తప్పేమీ జరగలేదు, ఈ మాట నేను ఈ రోజుకీ తేలిగ్గా అనలేను.

ఆ చట్టాలన్నీ 2005లో రద్దయ్యాయి. అయితే ఇప్పుడెందుకు ఈ గోల అంటారా? ఇక్కడున్న జూనియర్లలో పోలవరం నిర్వాసితుల కేసులు చూస్తున్నవాళ్ళున్నారు. అమ్మా, బాబూ, మిమ్మల్నే అడుగుతున్నాను. 2013 భూసేకరణ చట్టంలో విధవరాలు వేరే కుటుంబం, భర్త వదిలేసిన ఆడమనిషి వేరే కుటుంబం, పెళ్ళయినా కాకపోయినా మేజరైన ప్రతి మనిషీ వేరే కుటుంబమే. 1955 నాటి ఆ పై గది మనిషికి లేని హక్కు ఇది. జాబితా వచ్చినప్పుడు కాగితం మీద పేర్లు చూసి సరే అనేయకండి. ఆ ఇంటికెళ్ళండి, పొయ్యిలెన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

టైం అయిపోయిందని చీటీ వచ్చింది, ముగిస్తాను. ఆ రసీదుల జిరాక్సులు ఇన్నేళ్ళుగా నా దగ్గరే ఉన్నాయి. ముందువైపు రాతకి అప్పట్లో కోర్టులో అనువాదం ఇచ్చారు. కొన్నిటి వెనకాల ఆమె పెన్సిల్‌తో ఏదో రాసుకుంది, ఉర్దూలో, దాన్ని మాత్రం ఎవరూ చదివించలేదు, మేమూ అడగలేదు. కాగితాలు ఇదిగో, సంచీలో తెచ్చాను. మీలో ఉర్దూ చదవగలిగినవాళ్ళుంటే, సభ అయ్యాక దయచేసి ఒక్క పది నిమిషాలు నా దగ్గర కూర్చోండి.