అణు వ్యర్థాలు: పసుపు పొర, తప్పు పొడి (బరంపురం స్టూడియో చర్చ)

సమన్వయకర్త: ఛత్రపురం ఇసుకలో థోరియం అనే రేడియోధార్మిక లోహం ఉంది, అటు శ్రీకాకుళం కొవ్వాడలో అణు రియాక్టర్లు పెడతామంటున్నారు. ‘ఆ చెత్తంతా మన కొండల్లోనే పాతేస్తారట’ అని గంజాం ఊళ్లలో గుసగుసలు. ముందిది తేల్చండి మాస్టారూ.

రసాయన అధ్యాపకుడు: రెండూ వేరండి. ఇసుకలోని మోనజైట్ అనే ఖనిజానికి థోరియం పుట్టుకతో వచ్చిందే. రియాక్టర్‌ది వాడేసిన ఇంధనం. మన దేశంలో దాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి యురేనియం, ప్లుటోనియం తీసేస్తారు. మిగిలిన ద్రవమే అసలు తలనొప్పి. దాన్ని చిక్కబరిచి, గాజు సరుకు కలిపి, సుమారు 950 డిగ్రీల దగ్గర కరిగించి స్టీలు డబ్బాల్లో పోస్తారు.

సమన్వయకర్త: గాజు పగలదా?

అధ్యాపకుడు: గబగబా చల్లారితే నెర్రెలిస్తుంది, నీరు తగిలే చోటు పెరుగుతుంది. అందుకే మెల్లగా చల్లారుస్తారు. అంతకన్నా పెద్ద చిక్కు సల్ఫేట్. ముంబై ట్రాంబే అణు కేంద్రంలోని పాత ద్రవంలో అది ఎక్కువ. మామూలు బోరోసిలికేట్ గాజు, అంటే బోరాన్ కలిపిన గాజు, ఒక శాతం దాకానే ఇముడ్చుకుంటుంది. మిగతాది పాల మీద మీగడలా తేలి పసుపు పొర కడుతుంది. అది ఉప్పు కదండీ, నీళ్లలో కరిగి రేడియోధార్మిక సీజియాన్నీ వెంట లాక్కుపోతుంది. అందుకే అక్కడ బేరియం కలిపిన గాజుకి మారారు.

భూగర్భ శాస్త్రవేత్త: డబ్బా బాగున్నా నీటి దారి చూడాలి. మన కొండల్లోని ఖొండలైట్ రాయి పైకి గట్టిదే. బోర్లు వేసేవాళ్లనడగండి, గ్యాప్, అంటే రాతిలో పగులు, తగిలితేనే నీళ్లంటారు. పాతిపెట్టే చోట అదే గ్యాప్ తగిలితే కొంప మునిగినట్టే. ఫిన్లండ్‌లో ఓంకాలో అనే భూగర్భ గిడ్డంగిలో 400 మీటర్లకు పైగా లోతున, రాగి డబ్బా చుట్టూ బెంటొనైట్ మట్టి కూరే ఏర్పాటు. తడిస్తే ఉబ్బి సందులు మూస్తుంది.

సమన్వయకర్త: దానిమీద అందరిదీ ఒకే మాటా?

భూగర్భ శాస్త్రవేత్త: ఎక్కడిదండీ! ఇలాంటి రాగి డబ్బాల మీదే, ఆక్సిజన్ లేని నీళ్లలో రాగిని తుప్పు తినేస్తుందా లేదా అని స్వీడన్‌లో ఏళ్ల తగువు. 2018లో పర్యావరణ కోర్టు ఇంకా ఆధారాలు కావాలంది. 2022లో ప్రభుత్వం ఆ గిడ్డంగికి సరేనంది.

అధ్యాపకుడు: ప్లుటోనియం సగం తరగడానికి 24,000 ఏళ్లు అనగానే జనం జడుస్తారు. నా భయం మాత్రం పనివాడి చేతిలోని బస్తా మీదే. న్యూమెక్సికోలో ఉప్పు పొరల్లో తవ్విన గిడ్డంగి ఉంది, అణ్వాయుధాల చెత్తకి. 2014లో అక్కడో డ్రమ్ము మూత లేచిపోయింది. తేమ పీల్చడానికి మట్టి రకం పొడి పడాల్సింది, పెంపుడు పిల్లుల మలమూత్రాల కోసం వేసే, గోధుమతో చేసిన పొడి పడింది. అది చెత్తలోని నైట్రేట్‌తో కలిసి కాగింది. గిడ్డంగి దాదాపు మూడేళ్లు మూతపడింది.

సమన్వయకర్త: మరి కోలార్ గొడవ?

భూగర్భ శాస్త్రవేత్త: పాత బంగారు గనుల్లో పాతుతారన్న మాట 2012లో సుప్రీంకోర్టులో వినపడగానే ఊరు భగ్గుమంది. తర్వాత కాదన్నారు. ఊరికి కబురు చివర్న చేరితే ఏ లెక్క చెప్పినా నమ్మరండీ.

సమన్వయకర్త: మన దగ్గరికే వస్తే ఏం అడగాలి?

భూగర్భ శాస్త్రవేత్త: బోరు లాగ్, అంటే బోరు వేసినప్పుడు లోతు లోతుకీ ఏం తగిలిందో రాసిన కాగితం, తెమ్మనండి. ఎన్ని మీటర్లకి గ్యాప్ తగిలింది, ఆ నీరు ఏ గెడ్డలో తేలుతోంది. ఆ కాగితం లేకపోతే మిగతా మాట అక్కర్లేదు.