నాన్న మిద్దె, కోళ్ల పెంట, ఒక నిమ్మచెట్టు

హాయ్ అండీ, బాగున్నారా? డల్లాస్ నుంచి వచ్చి పదకొండు రోజులైంది. జెట్‌లాగ్ పోయింది, మిర్చి బజ్జీల మీద మోజు తీరింది, చుట్టాలిళ్లు సగం అయిపోయాయి. ఇవాళ చీరల షాపింగ్ చూపిస్తానన్నాను, అది రేపు. ఇప్పుడు హైదరాబాద్ వనస్థలిపురంలో మా ఇంటి మిద్దె మీద ముక్కుకి చున్నీ కట్టుకుని నిలబడ్డాను. ఇదిగో, ఈ నీలం పెయింట్ బకెట్ మూత తీస్తున్నా... అబ్బా! వీడియోలో వాసన రాదు కాబట్టి బతికిపోయారు మీరు.

ఇందులో ఉన్నది మొక్కలకి ఎరువుగా పోయడానికి నీళ్లలో నానబెట్టిన కోళ్ల పెంట. సాగర్ రోడ్డులో ఇబ్రహీంపట్నం దాటాక నాన్న స్నేహితుడికి తెలిసిన కోళ్ల ఫారం ఉంది, అక్కడి నుంచి ఒక బస్తా తెచ్చారు, అదీ స్కూటర్ మీద, కాళ్ల మధ్య పెట్టుకుని. అమ్మ ఆ స్కూటర్‌ని రెండుసార్లు కడిగించింది.

అసలు కథ పోయినేడాది మొదలైంది. నాన్నకి పశువుల ఎరువు అలవాటు, కుండీకి రెండు గుప్పిళ్లు వేస్తారు. అదే లెక్కన టమాటా మొక్కల మొదట్లో పచ్చి కోళ్ల పెంట రెండేసి గుప్పిళ్లు వేశారు. నాలుగైదు రోజుల్లో ఆకుల అంచులు ఇస్త్రీపెట్టె తగిలినట్టు మాడిపోయాయి, తర్వాత మొక్కలే పోయాయి. నాకు వీడియో కాల్‌లో చూపించి "ఏం తెగులమ్మా ఇది?" అని అడిగారు. తెగులు కాదు నాన్నా, మీ గుప్పిలే.

ఎందుకంటే మామూలు పశువుల ఎరువులో నత్రజని అర శాతం దగ్గర ఉంటే, ఎండిన కోళ్ల ఎరువులో 3 శాతం దగ్గర ఉంటుంది. అంటే ఆరు రెట్లు. కోడి మనలాగా విడిగా మూత్రం పోయదు, రెట్ట మీద తెల్లగా కనబడేది అదే, యూరిక్ యాసిడ్. సూక్ష్మజీవులు దాన్ని తింటూ అమ్మోనియాగా మారుస్తాయి, మన కళ్లు మండించే ఘాటు అదే. పొలంలో అయితే వర్షానికి కొంత కిందకి దిగిపోతుంది. కుండీలో, గ్రో బ్యాగులో ఆ అమ్మోనియా, పెంటలో ఉండే ఉప్పు ఎక్కడికి పోతాయి? వేళ్ల చుట్టూనే కూర్చుంటాయి. అందుకని మిద్దె తోటలవాళ్లు దీనితో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఇంకో మాట, ఫారం నుంచి తెచ్చుకునేటప్పుడు ఏ ఫారమో అడగండి. మాంసం కోళ్లయితే నేల మీద వరి ఊక పరిచి పెంచుతారు, కాబట్టి బస్తాలో సగం ఊకే ఉంటుంది. గుడ్ల కోళ్లయితే బోనుల్లో ఉంటాయి, కింద పడేది అచ్చంగా రెట్టే. నాన్న తెచ్చింది గుడ్ల కోళ్లది. అందుకే అంత ఘాటు.

ఈసారి నేను వచ్చిన మర్నాడే బకెట్ పెట్టించాను. పెద్ద డ్రమ్ము వద్దన్నాను, 200 లీటర్ల నీళ్లంటే స్లాబు మీద 200 కిలోలు. ఈ 20 లీటర్ల బకెట్ చాలు. కిలోన్నర పెంటని పాత గోనెగుడ్డలో మూట కట్టి, కర్రకి వేలాడదీసి, 15 లీటర్ల నీళ్లలో ముంచాం, అచ్చం టీ బ్యాగ్ లాగా. రోజూ పొద్దున్నే కర్రతో కలియబెట్టాలి. మధ్యలో ఒకరోజు పెళ్లికి వెళ్లి వదిలేశాం, మర్నాడు మూత తీస్తే మురుగుకాలవ వాసన. లోపల గాలి ఆడకపోతే అంతే. మూత బిగించకూడదు, గ్యాస్ పడుతుంది. అలాగని తెరిచి పెడితే వానాకాలం, దోమలకి మనమే తొట్టి కట్టినట్టు. అందుకని పల్చటి గుడ్డ కట్టి, పైన మూత వదులుగా పెట్టాం.

ఇప్పుడు వడకడుతున్నాం. గ్లవ్స్ వేసుకోండి, ప్లీజ్, నాన్నలాగా "చేతులు కడుక్కుంటే పోతుందిలే" అనకండి, విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా క్రిమి ఉండొచ్చు ఇందులో. ఒక మగ్గుకి పది మగ్గుల నీళ్లు. రంగు చూడండి, అమ్మ పెట్టే రెండో డికాక్షన్ రంగు రావాలి. ముదురుగా ఉంటే ఇంకో మగ్గు నీళ్లు పోయండి, ఎక్కువ పల్చనైతే మొక్కకి పోయేదేం లేదు. ముందు మట్టి తడపాలి, తర్వాత ఇది, సాయంత్రం పూట, కాండానికి కాస్త దూరంగా. ఆకుల మీద పడకూడదు. పదిహేను రోజులకోసారి చాలు.

సరే, పోద్దాం అనుకుంటుంటే గొడవ మొదలైంది.

నేనేమో ఆకుకూరలకి వద్దన్నాను. అమెరికాలో ఆర్గానిక్ పంటలకి ఒక రూలుంది, పచ్చి పెంట వేస్తే, తినే భాగం మట్టికి తగిలే పంటని 120 రోజుల దాకా కోయకూడదు, తగలనిదైతే 90 రోజులు. మన పాలకూర, కొత్తిమీర నెలా నెలన్నరకే కోసేస్తాం కదా. నీళ్లలో పది రోజులు నానినంత మాత్రాన క్రిములు చావవు, నానబెట్టడం వేరు, కంపోస్టు చేయడం వేరు. డల్లాస్‌లో నేను కొనే కోళ్ల ఎరువు గుళికలు వేడి చేసి ఆరబెట్టినవి, వాసనే పెద్దగా ఉండదు, అందుకే ఇన్నేళ్లూ ఈ టెన్షన్ నాకు తెలియలేదు. వంకాయ, బెండకాయ కూడా వద్దన్నాను, ఇప్పటికే కాస్తున్నాయి, 90 రోజులు కోయకుండా ఎవరు ఆగుతారు?

"అయితే పూలమొక్కలకి పోద్దాం" అన్నారు నాన్న.

అమ్మ మెట్ల మీద నుంచే, "ఏమండీ, మందారాలూ నందివర్ధనాలూ దేవుడికి పెడతాను, ఆ కంపు నీళ్లు వాటికి పోశారంటే ఊరుకోను. తులసి కోట దరిదాపులకి కూడా తేవద్దు" అంది. సైన్స్ ప్రకారం చెప్పాలంటే పువ్వులోకి ఆ కంపేమీ రాదు. కానీ ఆ మాట అమ్మతో చెప్పే ధైర్యం నాకు లేదు, నాన్నకి నలభై ఏళ్లుగా లేదు.

నాన్న బకెట్ వైపు చూశారు, నా వైపు చూశారు. "మీ అమెరికా రూలు, మీ అమ్మ రూలు పోగా మిగిలింది ఆ నిమ్మచెట్టొక్కటేనమ్మా."

నిజమే! ఆ మూల సగం డ్రమ్ములో ఉన్న నిమ్మచెట్టు, మూడేళ్లుగా ఆకులు పాలిపోయి, ఏడాదికి నాలుగు కాయలిస్తుంది. ఇప్పుడు దాని మీద ఒక్క కాయ కూడా లేదు కాబట్టి రూలుకీ అడ్డం లేదు. మొదటి రెండు మగ్గులు దానికే పోశాం. ఎక్కువ పోస్తే నత్రజనితో ఆకులే గుబురుగా వచ్చి పూత రాదని నాన్నకి మూడుసార్లు చెప్పాను, ఆయన నాలుగో మగ్గు దాకా వెళ్లారు, చూశారుగా.

ఇక బస్తాలో మిగిలిందంతా కంపోస్టుకి. ఇదిగో ఈ మూల, ఒక పొర పెంట, దానికి రెండు మూడు పొరల ఎండుటాకులు, కొబ్బరిపీచు, తడి పొడి సమంగా చూసుకుంటూ వారానికోసారి తిరగేయడం. లోపల చెయ్యి పెట్టలేనంత వేడెక్కాలి, అప్పుడే క్రిములు చచ్చే పని జరుగుతున్నట్టు. బాగా మాగి మట్టి వాసన వచ్చాక కొత్త మొక్కలు నాటే ముందు వాడుకోవచ్చు. అప్పటికి నేను డల్లాస్‌లో ఉంటాను, తిరగేయడం నాన్న వంతు, అంటే వాసన గొడవ వాళ్లిద్దరిదే.

బకెట్‌లో ఇంకా పది లీటర్లు ఉంది, ఏం చేయాలో మీరే... ఆగండి, కింద నుంచి అమ్మ "నల్లా వచ్చింది, మోటర్ వెయ్!" అని అరుస్తోంది. చేతులు కడుక్కుని వస్తా.