బోనెక్కని సాక్షి: ఒక రాక్ పాట గురించి

సభకు నమస్కారం.

1980ల రెండో సగంలో అమెరికా టీవీ బోధకులు, అంటే తెర మీద క్రైస్తవ ప్రసంగాలు చేసి కానుకలు అడిగేవారు, రాక్ బృందాలకు ఇష్టమైన వేట అయ్యారు. మెటాలికా 1986లో ‘లెపర్ మెసయ్య’ పాడింది. ఓజీ ఆజ్‌బోర్న్ 1988లో ‘మిరకిల్ మ్యాన్’ పాడాడు. 1990లో ఐరన్ మెయిడెన్ నుంచి ‘హోలీ స్మోక్’ వచ్చింది. గిటార్లు గర్జిస్తాయి, గొంతు చించుకుని గాయకుడు నిలదీస్తాడు. వినడానికి బాగుంటాయి, కాదనను. కానీ ఈ వరుసలో అన్నిటికన్నా మెత్తగా, దాదాపు రేడియో పాటలా వినిపించేది ఒకటుంది. అసలు విషయం లోతుకు దిగింది అదేనని నా అభిప్రాయం. బ్రిటన్‌కు చెందిన జెనెసిస్ బృందం పాడిన ‘జీసస్ హీ నోస్ మీ’. 1991 నవంబరులో వచ్చిన ‘వి కాంట్ డాన్స్’ ఆల్బమ్‌లోది. మరుసటి ఏడు సింగిల్‌గా విడుదలైంది. టోనీ బ్యాంక్స్, ఫిల్ కాలిన్స్, మైక్ రూథర్‌ఫర్డ్ కలిసి రాశారు, కాలిన్స్ పాడాడు.

మిగతా పాటల్లో చాలావరకు గాయకుడు బోధకుడి వైపు వేలు చూపిస్తాడు. ఇందులో గాయకుడే బోధకుడు. మొదటి పంక్తి నుంచి అతనే మాట్లాడతాడు. నన్ను మీరు తెర మీద చూసే ఉంటారు, నా నంబరుకు ఫోన్ చేయండి, ఖర్చు కూడా మీకు ఉండదు, ఎలా ఇచ్చినా సరే గానీ ఇప్పుడే ఇవ్వండి అంటాడు. నా దగ్గర అమ్మకానికి ఉన్నది దేవుడే అని దాపరికం లేకుండా చెబుతాడు. ఆయనకు దగ్గర కావాలంటే మోకరిల్లి చెల్లింపు మొదలుపెట్టమంటాడు. ప్రియమైన భార్యను పక్కన పెట్టుకుని కుటుంబ విలువల గురించి చెబుతూ, ఆమెకు తెలియని వ్యవహారాలు ఏమేమి ఉన్నాయో అదే ఊపులో మన చెవిన వేస్తాడు.

ఇక్కడ ఒక చమత్కారం ఉంది. టీవీ ముందు కూర్చున్న విశ్వాసులతో ఏ బోధకుడూ ఇలా మాట్లాడడు. మరి ఇతను ఎవరితో మాట్లాడుతున్నాడు? ఒక పంక్తిలో విశ్వాసులతో, వెంటనే తర్వాతి పంక్తిలో మనతో. వినేవారికి రెండు కుర్చీలు వేశాడన్నమాట. ఒకటి మోసపోయేవాడి కుర్చీ, రెండోది రహస్యం తెలిసి నవ్వుకునేవాడి కుర్చీ. మనం హాయిగా రెండో దాంట్లో కూర్చుంటాం. ఈలోగా లయ మన కాలిని ఆడించడం మొదలుపెడుతుంది, పల్లవి మూడోసారి వచ్చేసరికి గొంతు కలుపుతాం. అతను అడిగిందీ అదేగా! బాణీ ఎంత సులువుగా పట్టుకుంటుందో ఆ ప్రసంగాలూ అంతే సులువుగా పట్టుకుంటాయని ఉపన్యాసమేమీ లేకుండా మన మీదే ప్రయోగం చేసి చూపించారు. పాట వేగం కూడా ఊరికే పెట్టింది కాదు. అమ్మేవాడు ఆలోచించుకునే వ్యవధి ఇవ్వడు.

ఇక పల్లవికి వస్తాను. ఏసు నన్ను ఎరుగును, నాది ఒప్పని కూడా ఆయనకు తెలుసు, జీవితమంతా ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాను. పల్లవి సారాంశం ఇదే. జాగ్రత్తగా చూడండి. నేను దేవుణ్ని ఎరుగుదును అనడం లేదు. ఆ మాట ఏ భక్తుడైనా అంటాడు, ఎంతవరకు ఎరుగుదువని ఎవరైనా అడగవచ్చు. ఇతను తిరగేశాడు. ఎరిగినవాడు దేవుడు, ధ్రువపత్రం పైనుంచి వచ్చింది. ఇక ప్రశ్నలు ఎవరిని అడగాలి? ఆ సాక్షిని బోనెక్కించి అడ్డుప్రశ్నలు వేసే న్యాయవాది ఇంకా పుట్టలేదు.

ఇది కవి చమత్కారం మాత్రమే అనుకోకండి. అమెరికా చట్టం సరిగ్గా ఇక్కడే ఆగిపోయింది. 1944లో ఆ దేశ సుప్రీంకోర్టు ‘యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ బల్లార్డ్’ కేసులో తీర్పు చెప్పింది. ‘ఐ యామ్’ అనే ఉద్యమాన్ని నడిపిన బల్లార్డ్ కుటుంబం మీద తపాలా ద్వారా మోసం చేశారన్న అభియోగం. తమకు దైవ సందేశాలు అందుతాయని, జబ్బులు నయం చేయగలమని వారు చెప్పుకున్నారు. ఆ మాటలు నిజమా అబద్ధమా అని తేల్చే పని జ్యూరీది కాదని కోర్టు చెప్పింది. మనుషులు నిరూపించలేని దాన్ని నమ్మవచ్చు, ఆ హక్కు రాజ్యాంగం ఇచ్చింది. చెప్పినవారు తాము నమ్మి చెప్పారా లేదా అన్నది మాత్రమే చూడాలి. ఆ తీర్పు సరైనదేనని నా ఉద్దేశం. ఒక మతం నిజమా కాదా అని ప్రభుత్వం తేల్చడం మొదలుపెడితే అంతకన్నా ప్రమాదం మరొకటి ఉండదు. కానీ దాని పర్యవసానం చూడండి. ‘దేవుడు నాతో చెప్పాడు’ అన్న వాక్యం కోర్టు చేతికి అందని చోట భద్రంగా కూర్చుంది. అక్కడికి వెళ్లగలిగింది ఒక్క వ్యంగ్యమే. ఈ పాట వెళ్లింది.

కాలిన్స్ ఈ పాట వీడియోలో బోధకుడి వేషం కట్టి, అమెరికా దక్షిణాది సాగదీత యాసలో, దేవుడు తనతో మాట్లాడాడనీ ఈ వారాంతంలోగా కోటీ ఎనభై లక్షల డాలర్లు కావాలనీ చెబుతాడు. నవ్వు వస్తుంది. అసలు కథ అంతకన్నా విడ్డూరం. 1987 జనవరిలో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాకు చెందిన టీవీ బోధకుడు ఓరల్ రాబర్ట్స్, మార్చి నెలాఖరులోగా 80 లక్షల డాలర్లు సమకూరకపోతే దేవుడు తనను ‘ఇంటికి పిలుచుకుంటాడు’ అని ప్రకటించాడు. అంటే చనిపోతానని. తన ప్రాణాన్నే తాకట్టు పెట్టి గడువు విధించాడు. డబ్బు సమకూరింది. చివర్లో 13 లక్షల డాలర్లు ఇచ్చి గట్టెక్కించినది ఫ్లారిడాలో కుక్కల పందేల మైదానాల యజమాని ఒకరు. ఇలాంటివి కల్పించి రాస్తే అతిశయోక్తి అంటారు.

దేవుడికి వేసిన విత్తనం పంటగా తిరిగి వస్తుందన్న బోధను బాగా వ్యాప్తిలోకి తెచ్చిందీ రాబర్ట్సే. కానుక విత్తనమైనప్పుడు పంట రాకపోతే తప్పెవరిది? విత్తినవాడిది. విశ్వాసం చాలలేదు, ఇంకొంచెం విత్తాలి. నష్టపోయినవాడినే మళ్లీ ఖాతాదారుగా మార్చే ఏర్పాటు ఇది. పాటలోని బోధకుడు ఒకచోట, పరలోకాన్ని నమ్మకపోయినా ఫర్వాలేదు, నన్ను నమ్మితే చాలు అన్న అర్థంలో మాట్లాడతాడు. పాట మొత్తంలో నాకు అన్నిటికన్నా పదునుగా తగిలేది అదే. దేవుడు కూడా అడ్డు తప్పుకున్నాడు, మధ్యవర్తి మిగిలాడు. అందుకే దీన్ని దైవదూషణ అన్నవారితో నేను ఏకీభవించను. ఇందులో వెక్కిరింపుకు గురైంది దేవుడూ కాదు, భక్తీ కాదు.

జిమ్ బేకర్ అనే మరో టీవీ బోధకుడి వ్యవహారం లేకుండా ఈ పాట నేపథ్యం పూర్తికాదు. ఆయన, భార్య టామీ ఫే కలిసి ‘పీటీఎల్’ (ప్రెయిజ్ ద లార్డ్) అనే టీవీ కార్యక్రమం నడిపేవారు. దక్షిణ కెరొలైనాలో ‘హెరిటేజ్ యూఎస్‌ఏ’ అనే భారీ క్రైస్తవ వినోద కేంద్రం కట్టారు. వెయ్యి డాలర్లు ఇచ్చి జీవితకాల భాగస్వామి అయితే ఏటా కొన్ని రాత్రులు అక్కడి హోటల్లో ఉచితంగా బస చేయవచ్చని ఆశ చూపారు. గ్రాండ్ హోటల్ భాగస్వామ్యాలు 25 వేలకు మించి అమ్మబోమని చెప్పి, అంతకు రెండున్నర రెట్లకు పైగా అమ్మారు. అన్ని పథకాల మీద వచ్చింది 15 కోట్ల 80 లక్షల డాలర్లు. అందులో హోటళ్ల నిర్మాణానికి వెళ్లింది కొంతే. మిగతా డబ్బు సంస్థ రోజువారీ ఖర్చులకూ బేకర్ల విలాసాలకూ పోయింది. ఆ విలాసాలను అప్పీలు కోర్టు తన తీర్పులోనే రాసింది: స్నానాల గదిలో బంగారు పూత అమరికలు, 570 డాలర్ల షవర్ తెర, పిల్లలకు చెట్టు మీద ఏసీ ఇల్లు, కుక్కలకు ఏసీ గూడు.

1987లో ఒక యువతితో సంబంధం, ఆమె నోరు మూయించడానికి చెల్లించిన సొమ్ము బయటపడి బేకర్ రాజీనామా చేశాడు. జనం గుర్తుపెట్టుకున్నది అదే. కానీ 1989లో జ్యూరీ 24 అభియోగాల్లో దోషిగా తేల్చింది హోటల్ గదుల లెక్క మీద. ఉన్నవాటికన్నా ఎక్కువ గదులు అమ్మాడు, అది తపాలా, ప్రసారాల ద్వారా చేసిన మోసం. దేవుడు చెప్పాడా లేదా అన్న ప్రశ్న ఎక్కడా రానక్కర్లేకుండా తేలింది. న్యాయమూర్తి 45 ఏళ్ల శిక్ష వేశాడు. అంతటితో ఆగకుండా, మతవిశ్వాసం ఉన్న తమలాంటివారు డబ్బు గుంజే బోధకుల చేతిలో వెర్రివాళ్లం కావడంతో విసిగిపోయామని ఒక మాట అనేశాడు. 1991లో అప్పీలు కోర్టు ఆ ఒక్క మాట మీద శిక్షను రద్దు చేసింది. దోషిత్వం నిలబడింది, శిక్ష తర్వాత 8 ఏళ్లకు తగ్గింది. జడ్జి తన విశ్వాసాన్ని తీర్పులోకి తెచ్చాడని కోర్టు తప్పుపట్టింది. మతాన్ని వాడుకున్నవాడికి మతం పేరే ఊరటనిచ్చింది. న్యాయం ప్రకారం అది సరైనదే. అయినా ఆ తీర్పు చదివినప్పుడల్లా నాకు నవ్వు ఆగదు.

ఇప్పుడు ఈ పాట మీద నాకున్న ఫిర్యాదు. ఇందులో బోధకుడు కపటి. చెప్పేదొకటి, చేసేదొకటి. పాట మధ్యలో లయ ఒక్కసారిగా నెమ్మదించి రెగే అనే జమైకా సంగీతం తరహాలోకి జారుతుంది. అక్కడ అతను నేను బోధించేది నేను ఆచరించను, త్యాగాలు నా వల్ల కావు అని తీరిగ్గా ఒప్పుకుంటాడు. ఆ కాలపు వార్తల ప్రభావం స్పష్టమే. 1988 ఫిబ్రవరిలో జిమ్మీ స్వాగర్ట్ అనే మరో బోధకుడు టీవీలో కన్నీళ్లు కారుస్తూ తాను పాపం చేశానని ఒప్పుకున్నాడు. అంతకుముందు బేకర్‌ను దుమ్మెత్తిపోసినవారిలో ఆయన ముందుండేవాడు. పాట విడుదలకు నెల ముందు, 1991 అక్టోబరులో, అదే తరహా వ్యవహారంలో మళ్లీ దొరికాడు. రాసేవారికి అంతకన్నా ఏం కావాలి?

కానీ కపటమే అసలు జబ్బు అంటే నేను ఒప్పుకోను. భార్యకు జీవితాంతం నమ్మకంగా ఉండి, నిరాడంబరంగా బతుకుతూ, తాను చెప్పేదంతా మనస్ఫూర్తిగా నమ్మే బోధకుణ్ని ఊహించండి. మీ బిడ్డ జబ్బు నయం కావాలంటే ఈ వారంలోగా వెయ్యి డాలర్లు విత్తండి అని అతనూ అన్నాడనుకోండి. ఆ తల్లికి జరిగే నష్టంలో తేడా ఏమైనా ఉంటుందా? కపటిని పట్టుకోవడం తేలిక, ఏదో ఒక హోటల్ గదిలో దొరుకుతాడు. నిజాయితీపరుడు దొరకడు. పాట అతని జోలికి పోలేదు. నాలుగు నిమిషాల పాటలో అంత అడగడం అన్యాయమేమో గానీ, అడుగుతున్నాను.

బోధకులు ఇలా తయారవడానికి బయట కనిపించని ఇంకో కారణం డబ్బు లెక్కల్లో ఉంది. అమెరికాలో ఒకప్పుడు టీవీ కేంద్రాలు ప్రజాప్రయోజనం కింద మత కార్యక్రమాలకు ఉచితంగా సమయం ఇచ్చేవి. 1960లో ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, డబ్బు తీసుకుని ఇచ్చిన సమయమైనా ఆ ఖాతాలోకే వస్తుందని చెప్పింది. ఇక ఉచితంగా ఎవరిస్తారు? కొనగలిగినవారు మిగిలారు. కొనాలంటే ప్రతి వారం డబ్బు కావాలి, డబ్బు కోసం అడగాలి, అడగడానికి మళ్లీ సమయం కొనాలి. సదుద్దేశంతో దిగినవాడు కూడా కొన్నేళ్లలో ఆ గానుగకు కట్టిన ఎద్దు అవుతాడు.

ఇచ్చినవారి సంగతి పాటలో లేదు. వారు మూర్ఖులనడం నాకు ఇష్టం లేదు. ఈ ఆల్బమ్ వచ్చిన నెలలోనే, 1991 నవంబరు 21న, ఏబీసీ చానల్ ‘ప్రైమ్‌టైమ్ లైవ్’ కార్యక్రమంలో టీవీ బోధకుడు రాబర్ట్ టిల్టన్ మీద పరిశోధన ప్రసారం చేసింది. ఏడాదికి 8 కోట్ల డాలర్ల రాబడి ఉందని అంచనా వేసిన సంస్థ ఆయనది. ప్రేక్షకులు పంపిన ప్రార్థన విన్నపాలు టల్సాలో చెత్తడబ్బాల్లో దొరికాయని ఆ కార్యక్రమం చూపించింది. కవర్లలోంచి డబ్బు తీసుకున్నారు, విన్నపాలు పారేశారు. ఆ ఆరోపణలను టిల్టన్ ఖండించాడు గానీ రెండేళ్లు తిరక్కుండానే ఆయన కార్యక్రమం ఆగిపోయింది. ఆ కాగితాలు రాసినవారికి కావలసింది మహిమలు కాకపోవచ్చు. తమ పేరు పెట్టి, తమ బాధ చెప్పి, ఎవరో ఒకరు ప్రార్థిస్తారన్న భరోసా. ఆ ఆశలో మూర్ఖత్వమేముంది?

పాట పాతబడిందని ఎవరైనా అంటే రెండు విషయాలు చెబుతాను. స్వీడన్‌కు చెందిన ఘోస్ట్ బృందం 2023లో దీన్నే మళ్లీ పాడింది. ఒక్క మాట మార్చాల్సిన అవసరం రాలేదు. రెండోది, జిమ్ బేకర్. జైలు నుంచి 1994లో వచ్చాడు, 1996లో, దేవుణ్ని నమ్మి ఇస్తే సంపద వస్తుందన్న తన పాత బోధ తప్పని ఒప్పుకుంటూ పుస్తకం రాశాడు, 2003లో మళ్లీ టీవీకి వచ్చాడు. 2020లో కరోనా మొదలైనప్పుడు ఆయన కార్యక్రమంలో వెండి ద్రావణం సీసాలు అమ్మారు, అది వైరస్ మీద పనిచేస్తుందన్నట్లు మాట్లాడారు. మిస్సోరీ రాష్ట్రం దావా వేసింది. 2021లో తప్పు ఒప్పుకోకుండానే, కొన్నవారికి దాదాపు 1,56,000 డాలర్లు తిరిగి ఇచ్చేందుకు రాజీ కుదిరింది. అక్కడ కూడా ప్రభుత్వం పట్టుకోగలిగింది సీసానే.

ఇప్పుడు పాట వినిపిస్తాను. నెమ్మదించే చోటు వచ్చినప్పుడు గమనించండి: అతను తీరిగ్గా నిజం ఒప్పుకునేది అక్కడొక్కచోటే, అదీ అన్నిటికన్నా తీయటి బాణీలో.